మన ఊరి డిగ్రీ కాలేజీ ఉద్యోగంలో ఎంత దూరం తోడొస్తుంది?

పలాస, టెక్కలి, నరసన్నపేట, ఆమదాలవలస, చీపురుపల్లి, గజపతినగరం... శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఓ మోస్తరు ఊరు ఏదైనా సరే, డిగ్రీ కాలేజీ ఒకటైనా ఉంటుంది. గ్రూపుకు ఇరవై ముప్పై మంది పిల్లలు, సబ్జెక్టుకు ఒకరో ఇద్దరో లెక్చరర్లు, వాళ్లలోనూ కొందరు గెస్ట్ ఫ్యాకల్టీ. ఇంటర్ అయ్యాక పిల్లల్ని ఎక్కడ చేర్పించాలన్న మాట వచ్చినప్పుడు ఇళ్లలో రెండు వాదనలు నడుస్తాయి. "అప్పో సప్పో చేసి వైజాగ్ పంపిద్దాం, పేరున్న కాలేజీ అయితేనే ఉద్యోగం వస్తుంది" అంటారు ఒకరు. "చదివేవాడికి ఎక్కడైనా ఒకటే, ఇక్కడైతే బస్ పాస్‌తో అయిపోతుంది" అంటారు ఇంకొకరు.

రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ రెండూ కాలేజీ పేరు దగ్గరే ఆగిపోతున్నాయి. పేరు పనికొచ్చేది ముఖ్యంగా మొదటి ఉద్యోగానికి. రెజ్యూమె చూస్తున్న మనిషికి ఎదురుగా ఉన్నవాళ్ల గురించి ఇంకేమీ తెలియదు కాబట్టి కాలేజీ పేరు చూస్తాడు. రెండో ఉద్యోగానికి వెళ్లేసరికి "ఇంతవరకూ ఏం చేశావు" అని అడుగుతారు. అప్పటికి కాలేజీ నుంచి మనిషి వెంట వచ్చేవి వేరే ఉంటాయి. ఆ మూడేళ్లలో సొంతంగా చేత్తో చేసిన పని ఎంత, పేరు పెట్టి పిలిచి పట్టించుకున్న లెక్చరర్ ఒక్కరైనా ఉన్నారా, బయట ఎన్ని దారులున్నాయో చెప్పినవాళ్లున్నారా అన్నవి. పని నేర్పడంలో, పట్టించుకోవడంలో చిన్న కాలేజీకి పెద్ద క్యాంపస్‌కు లేని బలం ఉంది. దారులు చూపించడంలో మాత్రం బాగా వెనకబడి ఉంది. ఈ రెండు జిల్లాల పిల్లలు తమ శక్తికి తగ్గ చోటికి చేరలేకపోవడానికి పెద్ద కారణం అదే. చదువు నాణ్యత గురించి ఎంతో మాట్లాడుకుంటాం గానీ, ఈ సంగతి గురించి దాదాపు ఎవరూ మాట్లాడరు.

పేరుకు ఎంత విలువ?

చిన్న కాలేజీ అన్నది ఉత్తరాంధ్రకే ప్రత్యేకం కాదు. కేంద్ర విద్యాశాఖ చేసే ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2019-20లో దేశంలోని కాలేజీల్లో 16 శాతానికి పైగా వంద మంది విద్యార్థులు కూడా లేనివే. మూడు వేల మంది దాటిన కాలేజీలు 4 శాతమే. మన దేశంలో మామూలు డిగ్రీ చదువంటే ఓ మాదిరి కాలేజీలో చదివే చదువే. పెద్ద క్యాంపస్ అరుదైన సంగతి.

ఇక పేరు సంగతి. అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు దీని మీద 2002లో ఒక పరిశోధన వెలువరించారు. పేరున్న కాలేజీల్లో చదివినవాళ్లు ఎక్కువ సంపాదిస్తారన్నది అందరికీ తెలుసు. అది కాలేజీ చలవా, లేక ఆ పిల్లలు ముందు నుంచే చురుకైనవాళ్లు కావడం వల్లా అన్నది వాళ్ల ప్రశ్న. దీన్ని తేల్చడానికి, ఒకే స్థాయి కాలేజీల్లో సీటు తెచ్చుకున్న విద్యార్థులను పక్కపక్కన పెట్టి చూశారు. వాళ్లలో కొందరు పెద్ద పేరున్న చోట చేరారు, కొందరు అంత పేరులేని చోట చేరారు. ఏళ్లు గడిచాక చూస్తే ఇద్దరి సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

"ఎక్కడ చదివినా ఒకటే" అనేవాళ్లకు ఇది బలమైన ఆధారమే. కానీ ఆ పరిశోధనలో, తర్వాత వాళ్లిద్దరే చేసిన మరో అధ్యయనంలో ఇంకో సంగతి కూడా ఉంది. పేద ఇళ్ల పిల్లలకు, తల్లిదండ్రులు పెద్దగా చదువుకోని పిల్లలకు, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలకు మాత్రం పేరున్న కాలేజీ వల్ల లాభం స్పష్టంగా కనిపించింది. ఉన్నవాళ్ల పిల్లలకు కాలేజీ ఇవ్వకపోయినా ఇల్లే ఇచ్చేవి కొన్ని ఉంటాయి. ఏ పరీక్షకు ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో చెప్పే మేనమామ ఉంటాడు, ఏ కంపెనీలో ఎవరిని కలవాలో చెప్పే నాన్న స్నేహితుడు ఉంటాడు. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసే ఆయన కూతురికి, ఉద్దానంలో జీడిపిక్కలు ఒలిచే ఆవిడ కొడుక్కి ఇంట్లో అలాంటివాళ్లు ఉండరు. వాళ్లకు ఆ మాట కాలేజీయే చెప్పాలి.

అందుకని "ఎక్కడ చదివినా ఒకటే" అన్న మాట ఈ జిల్లాల్లో చాలామంది పిల్లలకు పూర్తిగా వర్తించదు. దాన్ని ధైర్యం చెప్పడానికి వాడుకుంటే పర్వాలేదు. కాలేజీ చేయాల్సిన పని తప్పించుకోవడానికి వాడుకోకూడదు.

ల్యాబ్ నుంచి పైడిభీమవరం దాకా

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో జాతీయ రహదారి మీద పైడిభీమవరం ఉంది. అక్కడి మందుల కంపెనీలు ఈ రెండు జిల్లాల బీఎస్సీ కెమిస్ట్రీ పిల్లలు చాలామందికి మొదటి ఉద్యోగం ఇస్తాయి. క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ)లోనో ప్రొడక్షన్‌లోనో కెమిస్టుగా చేరతారు. షిఫ్టులు, కంపెనీ బస్సు, నైట్ డ్యూటీలు. డిగ్రీలో నేర్చుకున్నది ఉద్యోగంలోకి ఎలా దిగుతుందో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు.

డిగ్రీ ల్యాబ్‌లో అందరూ చేసే ప్రయోగం టైట్రేషన్. కోనికల్ ఫ్లాస్కులో కొలిచి పోసిన ఆమ్లం, అందులో రెండు చుక్కల ఫినాఫ్తలీన్, పైన బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్. చుక్క చుక్కగా వదులుతూ ఫ్లాస్కు తిప్పుతుంటే ఒకచోట లేత గులాబీ రంగు వచ్చి నిలుస్తుంది. అక్కడ ఆపాలి. ఇంకో చుక్క పడితే రంగు ముదిరిపోతుంది, మళ్లీ మొదలుపెట్టాలి. కంటిని ద్రవమట్టానికి సమానంగా పెట్టి, వంపు అడుగు ఎక్కడ తాకిందో చూసి రీడింగ్ తీసుకోవాలి. కిందికి చూసినా పైకి చూసినా అంకె మారిపోతుంది. ఇది పుస్తకం చదివితే వచ్చే పని కాదు. చేత్తో పదిసార్లు చేస్తే వస్తుంది.

బ్యాచిలో పదిహేను మందే ఉన్నప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో బ్యూరెట్ దొరుకుతుంది. జనం ఎక్కువైన చోట నలుగురికి ఒకటి. ఒకరు చేస్తారు, ఒకరు రాస్తారు, ఇద్దరు చూస్తారు. ఆ చూసే ఇద్దరూ మూడేళ్లూ చూస్తూనే ఉండిపోవచ్చు. చిన్న కాలేజీలో అలా దాక్కోవడానికి చోటు లేదు. ఉపాధి దృష్టితో చూస్తే చిన్న కాలేజీ మొదటి బలం ఇదే. అయితే బలం దానంతట అది రాదు. రసాయనాలు కొనకుండా, ప్రాక్టికల్ పరీక్షలకు రెండు వారాల ముందు మాత్రమే ల్యాబ్ తాళం తీసే చోట పదిహేను మందైనా వంద మందైనా తేడా ఏమీ ఉండదు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి రికార్డు రాయడంలో ఉంది. రీడింగులు 9.7, 9.9, 9.8 వస్తాయి. రికార్డులో మాత్రం 10.0, 10.0, 10.0 అని పడుతుంది. సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని అంకెలు ఎక్కించడం చాలా కాలేజీల్లో మామూలు అలవాటు. కొన్నిచోట్ల లెక్చరర్లే "వాల్యూ ఇది రావాలి, సరిచూసి రాయండి" అంటారు. మార్కుల కోసం అందరూ చేసేదే కదా అనిపిస్తుంది. ఇదే పిల్లాడు ఏడాది తిరక్కుండా మందుల కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో కూర్చుంటాడు. అక్కడ పద్ధతి పూర్తిగా వేరు. తూకం వేస్తే బ్యాలెన్స్ నుంచి ప్రింట్ వస్తుంది, దాన్ని అతికించాలి. పని చేస్తున్నప్పుడే రాయాలి, తర్వాత గుర్తుచేసుకుని రాయకూడదు. అంకె తప్పుపడితే వైట్‌నర్ పెట్టకూడదు, మీద దిద్దకూడదు. పాత అంకె కనిపించేలా ఒకే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టి తేదీ వేయాలి. మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో ఎవరు ఏ సమయంలో ఏం మార్చారో ఆడిట్ ట్రెయిల్‌లో నిలిచిపోతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీకి వచ్చినప్పుడు మందుతో పాటు ఈ కాగితాలూ చూస్తుంది. సరిగా రాని ఫలితాన్ని సరిగా వచ్చినట్టు రాస్తే కెమిస్టు ఉద్యోగం పోవడంతో ఆగదు, కంపెనీ ఎగుమతులకే ముప్పు వస్తుంది.

కాబట్టి "9.7 వస్తే 9.7 అనే రాయి, ఎందుకు తేడా వచ్చిందో కింద రాయి" అని పట్టుబట్టిన లెక్చరర్ తన విద్యార్థికి ఒక ఉద్యోగానికి పనికొచ్చే అలవాటు నేర్పినట్టు. ఇలా పట్టుబట్టడం పాతిక రికార్డులు దిద్దే చోట సాధ్యం. రెండు వందల రికార్డుల మీద సంతకాలు పెట్టాల్సిన చోట కష్టం. ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు, గ్రాంటు అక్కర్లేదు. తప్పు అంకెకు మార్కులు కోయనని లెక్చరర్ ముందే చెబితే చాలు, పిల్లలు నిజం రాయడం మొదలుపెడతారు.

ఇలాంటిదే బీకాంలోనూ ఉంది. చిన్న కాలేజీలో చదివి వైజాగ్‌లో ఆడిటర్ ఆఫీసులో చేరిన పిల్లలకు మొదటి నెలలో టెన్షన్ పెట్టేది జర్నల్ ఎంట్రీ సూత్రం కాదు, నిజమైన బిల్లు. కాలేజీలో ఒక కిరాణా దుకాణం బిల్లుల కట్ట తెచ్చి ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి చూసినవాళ్లు అక్కడ నిలదొక్కుకుంటారు.

ఒక్కరు పట్టించుకుంటే

2014లో గాలప్ సంస్థ, పర్‌డ్యూ విశ్వవిద్యాలయం కలిసి అమెరికాలో 30 వేలకు పైగా డిగ్రీ పూర్తిచేసినవాళ్లను ప్రశ్నించాయి. చేస్తున్న పనిలో మనసు పెట్టి చేస్తున్నవాళ్లు ఎవరు, కాలేజీలో వాళ్లకు ఏం దొరికింది అని చూశాయి. కాలేజీ ప్రభుత్వానిదా ప్రైవేటుదా, సీటు కష్టంగా వచ్చేదా సులువుగా వచ్చేదా అన్నది పెద్దగా తేడా చూపించలేదు. తనను మనిషిగా పట్టించుకున్న అధ్యాపకుడు, చదువు మీద ఇష్టం కలిగించిన అధ్యాపకుడు, ముందుకెళ్లమని ప్రోత్సహించినవాళ్లు ఉన్నారని చెప్పినవాళ్లకు మాత్రం ఉద్యోగంలో మనసు పెట్టి పనిచేసే అవకాశం రెట్టింపుకు పైగా ఉంది. ఆ మూడూ దొరికాయన్నవాళ్లు 14 శాతమే.

ఈ సంగతి విజయనగరానికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ ఆచార్యులు. ఘంటసాల సంగీతం నేర్చుకోవాలని ఆ ఊరు వచ్చినప్పుడు చేతిలో డబ్బుల్లేవు. ఇంటింటా అన్నం అడిగి, మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి ఆయన్ని చేరదీసి పాఠం చెప్పారు. అంతకు ముందు తరంలో గురజాడ అప్పారావు అదే ఊళ్లోని మహారాజా కళాశాలలో (సంగీత కళాశాల కాదు) చదువుకునే రోజుల్లో చంద్రశేఖరశాస్త్రి అనే ప్రిన్సిపాల్ ఆయనకు ఉచితంగా వసతి, భోజనం ఏర్పాటు చేశారు. 1887లో గురజాడ ఆ మహారాజా కళాశాలలోనే లెక్చరర్ అయ్యారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి విజయనగరం చదువు నాటి నుంచీ ఆయనకు స్నేహితుడు. వాడుక భాష కోసం ఆ స్నేహితులిద్దరూ నిలబడ్డ తీరు తెలుగువాళ్లందరికీ తెలుసు. వాళ్ల ప్రతిభ వాళ్లదే. కానీ ప్రతిభ ఉన్న పేద పిల్లాడు చదువు మధ్యలో ఆపేయకుండా ఎవరో ఒకరు చూశారు. నలుగురూ ఒకరికొకరు తెలిసిన చోట అలా చూడటం తేలిక.

ఇప్పటి చిన్న కాలేజీలో పట్టించుకోవడమంటే ఇంట్లో చోటివ్వడం కాదు. వరసగా మూడు రోజులు రాని పిల్లకు ఫోన్ చేయడం, పెళ్లి సంబంధం చూస్తున్నారని తెలిస్తే తల్లిదండ్రులతో ఒకసారి మాట్లాడటం, పై చదువుకు సిఫారసు లేఖ అడిగితే "మంచి విద్యార్థి, క్రమశిక్షణ గలవాడు" అన్న మామూలు వాక్యం కాకుండా ఆ విద్యార్థి చేసిన పని ఏమిటో రాయడం. ఐదు వందల మంది ఉన్నచోట లెక్చరర్‌కు పిల్లల పేర్లే గుర్తుండవు, ఇక వాళ్ల పని గురించి ఏం రాస్తారు?

దీనికీ ఒక చిక్కుంది. గెస్ట్ ఫ్యాకల్టీ ఏటా మారిపోతుంటే, జీతం నెలల తరబడి రాకపోతే, ఆ మనిషి పిల్లల్ని పట్టించుకోవాలని కోరడం న్యాయం కాదు. చిన్న కాలేజీ బలమంతా ఇద్దరు ముగ్గురు మనుషుల మీద నిలబడి ఉంటుంది. వాళ్లలో ఒకరు బదిలీ అయితే ఒక సబ్జెక్టు మొత్తం పడిపోతుంది. లెక్చరర్ పోస్టులు ఖాళీగా ఉంచడం వల్ల జరిగే నష్టం పాస్ శాతంలో కనిపించేదాని కంటే చాలా పెద్దది.

తెలియని దారులు

బీఎస్సీ చివరి ఏడాదిలో ఉన్న విద్యార్థి జామ్ పరీక్ష రాసి ఐఐటీలో ఎమ్మెస్సీ చేయవచ్చు. కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, బయోటెక్నాలజీ, జియాలజీ, ఎకనామిక్స్ పేపర్లున్నాయి. దరఖాస్తులు సెప్టెంబరులో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల పీజీలో చేరడానికి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష ఉంది. బెంగళూరులోని సైన్స్ అకాడమీ మరో రెండు అకాడమీలతో కలిసి ఏటా వేసవిలో విద్యార్థులను పెద్ద పరిశోధన సంస్థలకు రెండు నెలలు పంపుతుంది, ఉపకార వేతనం కూడా ఇస్తుంది. ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్‌లో బి గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉన్నవాళ్లు సైనికాధికారుల ఎంపికకు పెట్టే సీడీఎస్ రాత పరీక్ష లేకుండానే ఆర్మీ అధికారి ఎంపికకు ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూకు దరఖాస్తు చేసుకోవచ్చు. సైన్యంలోకి ఇంత మందిని పంపే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ చివరి సంగతి ప్రతి డిగ్రీ విద్యార్థికీ తెలిసి ఉండాలి. జవానుగా చేరడం గురించి ప్రతి ఊళ్లో తెలుసు. అధికారిగా చేరే దారి ఉందని చెప్పేవాళ్లు తక్కువ.

ఇవేవీ రహస్యాలు కావు, అన్నీ వెబ్‌సైట్లలో ఉన్నవే, పిల్లల చేతుల్లో ఫోన్లూ ఉన్నాయి. మరి ఎందుకు తెలియవు? పేరే తెలియనిదాన్ని ఎవరూ వెతకలేరు కాబట్టి. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఉద్యోగాలు మారినవాళ్లను అడిగి తెలుసుకుని 1973లో వెలువరించిన విషయం ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. పరిచయాల ద్వారా ఉద్యోగం సంపాదించినవాళ్లలో ఎక్కువమందికి ఆ కబురు అందింది ప్రాణ స్నేహితుల నుంచి కాదు, అప్పుడప్పుడూ కలిసే పరిచయస్తుల నుంచి. కారణం తేలికే. దగ్గరివాళ్లకు మనకు తెలిసిందే తెలుసు. కొత్త కబురు వచ్చేది వేరే లోకంలో తిరిగేవాళ్ల నుంచే.

చిన్న కాలేజీలో స్నేహాలు చాలా గట్టివి. ఒకే బస్సులో వస్తారు, ఒకే టిఫిన్ పంచుకుంటారు, పెళ్లిళ్లకు ఊరంతా వెళ్తారు. ఆ స్నేహాలు జీవితాంతం ఆదుకుంటాయి కూడా. కానీ ఆ ముప్పై మందికీ తెలిసిన దారులు ఒకటే. డీఎస్సీ, గ్రూప్స్, కానిస్టేబుల్, బ్యాంకు, లేదంటే హైదరాబాద్ వెళ్లి అమీర్‌పేటలో ఏదో కోర్సు. ఒకరు బీఈడీ అంటే పది మంది బీఈడీ అంటారు.

దీని ఖరీదు ఎంతో డీఎస్సీ చరిత్ర చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత టీచర్ పోస్టుల భర్తీ మళ్లీ పూర్తయింది 2025లో, 16,347 పోస్టుల నోటిఫికేషన్‌తో. మధ్యలో ఏళ్లు గడిచిపోయాయి. బీఈడీ చేసి ఆ నోటిఫికేషన్ కోసం చూసినవాళ్లు ఆ ఏళ్లంతా ఏదో ప్రైవేటు స్కూల్లో చాలీచాలని జీతానికి పాఠాలు చెబుతూ, సాయంత్రాలు కోచింగుకు పోతూ గడిపారు. వచ్చినవాళ్లకు వచ్చింది, సంతోషమే. రానివాళ్లకు ఇరవైల్లోని మంచి వయసంతా అందులో పోయింది. టీచర్ ఉద్యోగం కోరుకోవడంలో తప్పేం లేదు, అంత గౌరవమైన పని ఇంకొకటి లేదు. కానీ నాలుగు దారులు చూసి దాన్ని ఎంచుకోవడం వేరు, అదొక్కటే తెలుసు కాబట్టి అందులో ఉండిపోవడం వేరు.

ఇంజనీరింగ్ కాలేజీల పరిస్థితి కొంత నయం. రాజాంలోని జీఎంఆర్ ఐటీ, విజయనగరంలోని ఎంవీజీఆర్ రెండూ 1997లో మొదలైనవే. అలాంటి చోట్ల ప్లేస్‌మెంట్ విభాగం ఉంటుంది, కంపెనీలు వస్తాయి, సీనియర్లు ఎక్కడున్నారో తెలుస్తుంది. డిగ్రీ కాలేజీలో ఆ పని తన క్లాసుల మధ్యలో చేయాల్సిన ఒక లెక్చరర్ మీద పడుతుంది.

సాయంత్రం నాలుగింటి బస్సు

పెద్ద క్యాంపస్‌లో పిల్లలు నేర్చుకునే దాంట్లో చాలా భాగం క్లాసు అయ్యాక జరుగుతుంది. హాస్టల్ గదిలో వాదనలు, క్లబ్బులు, ఫెస్టులు. మన కాలేజీల్లో సాయంత్రం నాలుగు దాటితే ఎవరూ ఉండరు. పల్లె బస్సు పోతే మళ్లీ ఆటోకు డబ్బులు పెట్టుకోవాలి, ఆడపిల్లలైతే ఇంట్లో కంగారు. కాబట్టి మాట్లాడటం, వాదించడం, నలుగురి ముందు నిలబడటం నేర్పే పని టైమ్‌టేబుల్ లోపలే జరగాలి. బయట జరగదు.

2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువు ఇంగ్లిష్ మీడియంలోకి మారింది. ఇంటర్ దాకా తెలుగులో చదివినవాళ్లు ఇంగ్లిష్‌లో నోట్సు బట్టీ పట్టి పాసవుతున్నారు, నోరు తెరవాల్సి వచ్చినప్పుడు ఆగిపోతున్నారు. ఇంటర్వ్యూలో అడ్డుపడేది వ్యాకరణం కంటే అలవాటు లేకపోవడమే. ముప్పై మంది క్లాసులో వారానికి ముగ్గురు చొప్పున పది నిమిషాల సెమినార్ చెప్పిస్తే, రెండున్నర నెలల్లో అందరికీ ఒక వంతు వస్తుంది. రెండు వందల మంది సెక్షన్లో ఇది అసాధ్యం. ముందు తెలుగులో చెప్పించినా పర్వాలేదు. తెలుగులో తడబడకుండా చెప్పగలిగినవాళ్లే తర్వాత ఇంగ్లిష్‌లోనూ చెప్పగలుగుతారు. శ్రీకాకుళం యాస విని హైదరాబాద్ ఆఫీసుల్లో నవ్వేవాళ్లుంటారు. నలుగురి ముందు ముందే మాట్లాడి ఉన్న పిల్ల ఆ నవ్వుకు కుంగిపోదు.

సర్వే ఒక సాకు కాకపోతే

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. అందులో మొదటి రెండు నెలలు మొదటి ఏడాది అయ్యాక చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఊళ్లోకి వెళ్లి సర్వే చేసి రిపోర్టు రాయాలి. కంపెనీలు లేని ఊళ్లలో మిగతా ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయాలన్నది నిజమైన సమస్య. చాలాచోట్ల అది ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో ముగుస్తోంది. కానీ సర్వే విషయంలో చిన్న ఊరి కాలేజీకి పట్నం కాలేజీకి లేని సౌలభ్యం ఉంది. సర్వే చేయాల్సిన ఊరు విద్యార్థి సొంత ఊరే.

ఉద్దానం సంగతి తీసుకోండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలను కుదేలు చేసింది. కారణం ఏమిటో శాస్త్రవేత్తలు ఇంకా పూర్తిగా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, ఆ మండలాలకు మంచినీటి పథకం ప్రారంభమయ్యాయి. సోంపేటలో చదివే బీఎస్సీ పిల్ల తన వీధిలో నలభై ఇళ్లు తిరిగి, తాగే నీళ్లు ఎక్కడివి, బోరు ఎంత లోతు, కొళాయి నీళ్లు రోజుకు ఎంతసేపు వస్తున్నాయి, డయాలసిస్‌కు ఎంత దూరం వెళ్తున్నారు, దారి ఖర్చు ఎంత అని అడిగి పట్టిక వేస్తే అది నిజమైన పని. ఆ ఇళ్లవాళ్లు బయటి నుంచి వచ్చిన బృందానికి చెప్పని సంగతులు ఆ పిల్లకు చెబుతారు. రెండేళ్ల తర్వాత ఏదైనా ఇంటర్వ్యూలో "మీరు సొంతంగా చేసిన పని ఏదైనా చెప్పండి" అని అడిగితే, నెట్‌లో దించుకున్న ప్రాజెక్టు పేరు చెప్పేవాళ్లు రెండో ప్రశ్నకే ఆగిపోతారు. ఈ పిల్ల అరగంట మాట్లాడగలదు. ప్రజారోగ్యం, గణాంకాలు, సేవా సంస్థల ఉద్యోగాలు, ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) లాంటి చదువులు... ఇలాంటి దారులు ఆమెకు అక్కడి నుంచే కనిపించడం మొదలవుతాయి.

ఐదారేళ్లు గడిచాక

ఉద్యోగంలో కుదురుకున్నాక చిన్న కాలేజీ ముద్ర ఎలా ఉంటుంది? హెర్బర్ట్ మార్ష్ అనే విద్యా మనస్తత్వవేత్త 1984 నుంచీ చెబుతూ వస్తున్న ఒక సంగతి ఉంది. దాన్ని చిన్న చెరువులో పెద్ద చేప అంటారు. సమాన శక్తి ఉన్న ఇద్దరిలో, అందరూ మెరికలే ఉన్న చోట చదివినవాళ్ల కంటే మామూలు చోట ముందు వరసలో ఉన్నవాళ్లకు తమ చదువు మీద నమ్మకం ఎక్కువ ఉంటుంది. ఆ నమ్మకం మంచిదే. చిన్న కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు నుంచి వార్షికోత్సవం దాకా అన్నీ ఆ నలుగురే చేస్తారు కాబట్టి, ఏ పనైనా ఇది నాది కాదనకుండా ఎత్తుకునే గుణం వస్తుంది. చిన్న కంపెనీల్లో ఇలాంటివాళ్లు త్వరగా ఎదుగుతారు.

దెబ్బ తగిలేది పెద్ద చోటికి మారినప్పుడు. అక్కడ మొదటి ఏడాది అందరూ తనకంటే తెలిసినవాళ్లలాగే కనిపిస్తారు. మీటింగులో తెలిసిన జవాబు కూడా చెప్పరు. జీతం ఎంత కావాలంటే "మీరెంత ఇస్తే అంత" అంటారు. ఉద్యోగం ఇచ్చిందే గొప్ప అనుకుని, మారాల్సిన సమయం దాటినా మొదటి కంపెనీలోనే ఉండిపోతారు. ఇవి తెలివికి సంబంధించిన లోపాలు కావు. ఈ పనిలో బయట ఎంత జీతం నడుస్తోందో, మారితే ఏమవుతుందో చెప్పేవాళ్లు దగ్గర లేకపోవడం. డిగ్రీలో మొదలైన కొరతే ముప్పై ఏళ్ల వయసులోనూ వెంటాడుతోంది.

పూర్వ విద్యార్థుల రిజిస్టరు

ఈ కొరత తీర్చగలవాళ్లు కాలేజీకి ఉన్నారు, కానీ కాలేజీకి వాళ్ల చిరునామా తెలియదు. పదేళ్ల కిందట ఇదే బెంచీల మీద కూర్చుని ఇప్పుడు పైడిభీమవరంలో, వైజాగ్ పోర్టులో, హైదరాబాద్ బ్యాంకులో, ఏదో యూనివర్సిటీలో పరిశోధనలో ఉన్నవాళ్లు. కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్ గుర్తింపులో పూర్వ విద్యార్థుల భాగస్వామ్యానికి మార్కులున్నాయి కాబట్టి చాలా కాలేజీల్లో సంఘం ఉంది. ఏటా ఒక సమావేశం, శాలువాలు, ఫొటోలు, ఫైలు. విద్యార్థికి మాత్రం ఒక ఫోన్ నంబరు దొరకదు.

చిన్న కాలేజీలో ఈ పని నిజంగా చిన్నది. ఏడాదికి వంద, నూట యాభై మంది బయటికి వెళ్తారు. వాళ్ల అనుమతితో పేరు, నంబరు, చేస్తున్న పని, ఏ పరీక్ష రాసి ఏ దారిన అక్కడికి వెళ్లారో ఒక రిజిస్టరులో రాసుకుని, ఏటా ఒకసారి ఫోన్ చేసి సరిచూస్తే ఐదేళ్లలో ఐదారు వందల దారులు చేతికొస్తాయి. క్యూసీలో పనిచేసే పాత విద్యార్థి వారాంతపు సెలవులో ఊరొచ్చినప్పుడు ఒక గంట వచ్చి, లాగ్ బుక్ ఎలా రాస్తారో, నైట్ షిఫ్ట్ ఎలా ఉంటుందో, చేరినప్పుడు జీతం ఎంతో, మూడేళ్లకు ఎంతవుతుందో చెబితే, బయటి నుంచి పిలిపించిన వ్యక్తిత్వ వికాస నిపుణుడి రోజంతా ప్రసంగం కంటే పిల్లలకు అది ఎక్కువ పనికొస్తుంది. ఐఐటీలో ఎమ్మెస్సీ సీటు తెచ్చుకున్న ఒక్క సీనియర్ వీడియో కాల్‌లో అరగంట మాట్లాడినా చాలు, "అది మనలాంటివాళ్లకు కాదు" అన్న మాట ఆ క్లాసులో ఇక వినిపించదు.

ఒక్క సంగతి మాత్రం తేదీల మీద ఆధారపడి ఉంది. జామ్ దరఖాస్తు గడువు చాలామంది చివరి ఏడాది పిల్లలు ఇంకా కుదురుకోకముందే ముగిసిపోతుంది. వేసవి పరిశోధన శిక్షణకు దరఖాస్తు కూడా ముందటి ఏడాది చివరికల్లా పెట్టేయాలి, దానికి లెక్చరర్ సిఫారసు కావాలి. ఎన్‌సీసీలో చేరాలంటే మొదటి ఏడాదిలోనే పేరు ఇవ్వాలి. అందుకని ఈ కబుర్లన్నీ ఫేర్‌వెల్ రోజున కాకుండా, మొదటి ఏడాది పిల్లలకు చేరిన నెలలోపు, చివరి ఏడాది వాళ్లకు ఆగస్టు దాటకముందు అందేలా కాలేజీలు ఏర్పాటు చేసుకోవాలి.